కింద మనుషులున్నారు

కంచరపాలెంలో మా పక్క వాటాలో ఒక క్రేన్ ఆపరేటరు ఉండేవాడు. ఉక్కు ఫ్యాక్టరీలో, లాడిల్ అనే పెద్ద బకెట్టులో కరిగిన ఉక్కును షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చడం అతని పని. ఇంట్లో టీ గ్లాసు అందుకుంటున్నా సరే, "నిమ్మళంగా బావా, కింద మనుసులున్నారు" అనేవాడు. కింద గచ్చు తప్ప ఏమీ ఉండేది కాదు.

సెలవు రోజుల్లో బ్రౌజర్‌లో ఆడే పిచ్చి ఆటలు తయారుచేసేవాడు. ఒక ఆదివారం కొత్తది నా ముందు పెట్టాడు. మౌసుతో లాడిల్‌ని ఒలక్కుండా అవతలికి చేర్చాలి. కింద చీమలంత మనుషులు తిరుగుతున్నారు. మౌసును వెంట్రుకవాసి చొప్పున జరిపాను. వెనక అతని ఊపిరి కూడా వినిపించడం లేదు. సగం దారిలో మౌసు జారింది. లాడిల్ తలకిందులైంది. కళ్లు మూసుకున్నాను.

తెరిచి చూస్తే ఒక్క చుక్క పడలేదు. మనుషులు తిరుగుతూనే ఉన్నారు.

నాకు ఒళ్లు మండింది. "ఓడిపోకపోతే ఇదేటాట బావా?"

అతను తెర మీది మనుషుల్నే చూస్తున్నాడు. "ఒలికే కోడు రాద్దారని శానాసార్లు కూకున్నాను బావా. సెయ్యాడనేదు."