క్యారల్స్ వాళ్లతో వచ్చినామె

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను.. ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

తొంభైల్లో సంగతి. నాంపల్లి స్టేషన్ వెనక ఓ మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. పిల్లల్లేక రూతును పెంచుకున్నాం. పొత్తిళ్లలో ఉండగానే తెచ్చుకున్నాం. అప్పటికి దానికి రెండేళ్లు నిండబోతున్నాయి. దాన్ని కన్నది పెళ్లికాని పిల్ల. ఇంట్లోవాళ్లే బిడ్డను లాక్కుని ఇచ్చేశారట. ఆ పిల్ల ఆబిడ్స్, సుల్తాన్ బజార్ గల్లీలన్నీ పట్టుకుని వెతుకుతోందని, రూతు పుట్టిన దవాఖానలోని ఆయా ఓసారి నా చెవిన వేసింది. అప్పటి నుంచి తలుపు చప్పుడైతే చాలు.. రూతును ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని.

డిసెంబరు. చర్చి వాళ్లు మా ఇంటికి క్యారల్స్‌కి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. డోలక్, గిటారు, చప్పట్లు.. హాలు నిండిపోయింది. అందరి వెనక, తల మీదుగా శాలువా కప్పుకుని ఒకామె. చర్చికి కొత్తేమో అనుకున్నాను. ఆమె పాడటం లేదు.

నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. లోపలి గదిలో రూతు లేచి ఏడ్చింది.. ఠక్కున ఆపేసింది. నేను తప్ప ఎవరెత్తుకున్నా ఊరుకోని పిల్ల! వెళ్లి చూశాను. ఆమె గోడవైపు తిరిగి కింద కూర్చుంది. ఒళ్లో రూతు. హాల్లో అంత పాట జరుగుతున్నా.. నాకు ఒక్క చప్పుడే వినిపించింది.

గుటక.. గుటక.. గుటక..

ఒళ్లు మండిపోయింది. భయం కాదు.. కుళ్లు. పచ్చి కుళ్లు.

"పాపను ఇటివ్వమ్మా" అన్నాను.

ఆమె తిరగలేదు. "ఎప్పటికి నీ దగ్గర్నే ఉంటది గద అక్కా.. జర సేపు.."

అంతలో హాల్లోంచి పాస్టర్ గారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. చిన్నప్పటి అలవాటు.. నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ఆమెన్ అని తెరిచేసరికి.. చాప మీద రూతు ఒక్కతే ఉంది.

బయటికి దారి హాల్లోంచే. హాలు తలుపు తీస్తే కిర్రుమంటుంది. ఎవరూ వినలేదు.

"మీతో వచ్చినామె ఏది?" అని పాస్టర్ గారిని అడిగాను.

"మాతోని ఎవరొచ్చిన్రమ్మా? ఆమె మీ చుట్టమనుకున్నం గద!"

రూతును ఎత్తుకున్నాను. నా భుజం మీద నిలవలేదు.. గోడవైపే చేతులు చాచి ఏడ్చింది. కొంగుతో మూతి తుడిచాను. పాలు.. గోరువెచ్చగా. బిడ్డ దూరమై రెండేళ్లు కావస్తున్న మనిషికి పాలెక్కడివి?

ఆయాను అడిగితే తెలిసేదేమో.. ఆ పిల్ల బతికుందో లేదో. అడగలేదు. బతికుంటే ఏదో ఒకరోజు వచ్చి నా రూతును తీసుకుపోతుందని భయం. చచ్చిపోయి ఉంటే.. చచ్చి కూడా వచ్చి పాలిచ్చి పోయినామె ముందు నేనేపాటి అమ్మను?