కొట్టం వెనుక వేరుశనగ

మా అత్త పోయిందని మా ఊరి దగ్గరి బొమ్మిడి బజారులోని ఒక అంగడి నుంచి కాన్వెంటుకు ఫోన్ వచ్చింది. నేను హాస్టల్లో ఉండి చదువుకున్న ఆ బడిలోనే ఇప్పుడు చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. సిస్టర్ తరగతి గుమ్మం దగ్గరికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. చేతి సుద్ద కడుక్కోకుండానే బస్సెక్కాను. దారి పొడవునా దున్నిన చేలు, ఖాళీగా, వాన కోసం పడి ఉన్నాయి.

"గొడ్లకు నీళ్ళు తోడి వచ్చి వసారాలో కూర్చునింది. మళ్ళీ లెయ్యలేదు" అంది అమ్మ. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

అత్త అంటే నాయనకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లి లేని నాయనను పెంచింది. మాది చిన్న సేద్యం. వానను నమ్ముకున్న మెట్ట చేను, ఒక జత ఎద్దులు, ఒక ఆవు, గట్టు మీద చింతచెట్లు. వేసవి చివర ఇంట్లో రెండు పనులు ఉండేవి. చింతపండులో గింజ తీయడం, విత్తనానికి వేరుశనగ ఒలవడం. నేను పుస్తకంతో మూల చేరితే అత్త పిలిచేది.

"మూసి రా పాపా. పుస్తకము యాడికీ పోదు, వాన పోతుంది."

నేను ఒలిచిన వాటిలో తోలు చిట్లిన గింజలు ఏరి నా ఒళ్ళోనే వేసేది. "ఇది మొలవదు. తినేసెయ్."

విత్తే రోజు పొద్దున మాత్రం అత్త కనిపించేది కాదు. భర్త లేని ఆడది ఎదురైతే పంటకు మంచిది కాదని ఊరి నమ్మకం. నాయన ఎద్దులను విప్పకముందే, ఎవరూ చెప్పకుండానే, కొట్టం వెనక్కి వెళ్ళి నిలబడేది. ఎద్దులు చేను చేరాక వచ్చి పొయ్యి వెలిగించేది.

నేను ఏడో తరగతికి వెళ్ళాల్సిన ఏడు, వేసవి చివర ఒక్క పెద్ద వాన పడింది. అమ్మ తమ్ముణ్ణి కని పురిటిలో ఉంది. నాగలి వెనుక చాలులో గింజలు వేసే మనిషి లేదు. ఊళ్ళో అందరికీ అదే రోజు విత్తాలి, కూలికి ఎవరు వస్తారు? నాయన నన్ను పెట్టి చూశాడు. ఒకచోట గుప్పెడు పడేవి, ఒకచోట ఏమీ ఉండేది కాదు. నాయన నాగలి ఆపి ఇంటికి వచ్చాడు.

"అక్కా, నువ్వు రా."

"వద్దురా. ఊరు చూస్తుంది."

"ఊరు వచ్చి విత్తుతుందా? తడి ఆరిపోతా ఉంది, రా."

అత్త వచ్చింది. ఒక గింజ, ఒక అడుగు, ఆ అడుగుతోనే మట్టి కప్పడం. ఆమె నవ్వుతూ పని చేయడం నేను అప్పుడే చూశాను. "ఎద్దులకు నాలుగు కాళ్ళురా, నాకు రెండే. మెల్లగ తోలు" అని నాయనను ఎగతాళి చేసింది. సాయంత్రానికి చేనంతా అయిపోయింది.

తరువాత వాన లేదు. దసరా సెలవులకు వచ్చేసరికి నాయన చెట్లు పెరుకుతున్నాడు. వేళ్ళకు కాయలు లేవు, ఉన్నవి తాలు. ఒక చెట్టును అత్త ముందు దులిపాడు.

"నీ చేత వేయించినాను కదా అక్కా. నాకు కావాల్సిందే."

అత్త వంగింది. కింద రాలిన తాలు కాయలను ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకుంది. ఆ ఏడు ఊరంతా ఎండింది. ఎవరి చేలోనూ కాయ లేదు. కారణం మాత్రం మా చేనుకే దొరికింది.

నాయన ఆ మాట మళ్ళీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది. మరుసటి వేసవి నుంచి అత్త విత్తనపు కాయ ముట్టలేదు. మేము ఒలుస్తుంటే దూరంగా చింతపండు ముందేసుకుని కూర్చునేది. చిట్లిన గింజ కనిపిస్తే అక్కడి నుంచే చెప్పేది. ఆమె వేళ్ళు పులుపుకు నల్లబడి, గోళ్ళ పక్కన పగిలి ఉండేవి. అన్నం కలుపుకునేటప్పుడు కారం తగిలి ఒక్కక్షణం ఆగేది.

ఈసారి అత్తను పూడ్చిన మూడో నాడు వాన పడింది. మైలలో విత్తకూడదు. నాయన వసారాలో కూర్చుని తడిసిన చేనును చూస్తూ ఉండిపోయాడు. కర్మాంతరం అయ్యేసరికి తడి ఆరిపోయింది. మళ్ళీ చినుకు పడిన పొద్దున నాయన ఎద్దులను విప్పడానికి వెళ్ళి, చాలాసేపటికీ రాలేదు. అమ్మా నేనూ వెళ్ళి చూశాం.

కొట్టం వెనుక, అంట్ల నీళ్ళు పారే చోట, ఒక వరుస వేరుశనగ మొలకలు. అడుగుకు ఒకటి.

"ఎవరు వేసింది?" అన్నాడు నాయన.

అమ్మ వంగి ఒక మొలక పక్కన మట్టి సర్దింది. "వదిన. మనం ఒలిచేటప్పుడు పక్కకు దొర్లినవి దాచి పెట్టుకొని ఏటా వేసేది. పూతకు రాకముందే పెరికి ఆవుకు పెట్టేది."

"ఏమిటికి పెరికేది?"

"నేనూ అడిగినాను. మొలిచింది కదా వదినా, మీ చేతిలో దోషమేమీ లేదు కదా, ఉండనీండి అంటి. 'మొలిచేది గింజ పని. కాయ పట్టినాక కదా తెలిసేది. అది నేను చూడలేను' అనింది."

ఈ ఏడు పెరకడానికి మనిషి లేదు.

నాయన ములుకర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తరువాత ఎద్దులను ఆ వరుస తొక్కకుండా, గోడ అవతలి నుంచి చుట్టూ తిప్పి తోలుకుపోయాడు. అమ్మ విత్తనాల సంచి నడుముకు కట్టుకుని వెనుక వెళ్ళింది.

ఆషాఢం, మా ఆడి నెల, వచ్చింది. చేను మీద మళ్ళీ వాన లేదు. మధ్యాహ్నానికి ఆకులన్నీ ముడుచుకుంటున్నాయి. శనివారాలు నేను ఇంటికి వెళ్తున్నాను. కొట్టం వెనుక మొక్కలు పసుపు పూలు పూశాయి, కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగుతున్నాయి. ఇన్నాళ్ళూ బావి దగ్గర కాళ్ళు కడుక్కునే నాయన, చేను నుంచి రాగానే ఇప్పుడు ఒక చెంబు నీళ్ళు తీసుకుని కొట్టం వెనక్కి వెళ్తున్నాడు. ఆ వరుస వెంబడి అడుగు అడుగుకూ ఆగి, కొంచెం కొంచెంగా పోసుకుని, కాళ్ళు కడుక్కుంటున్నాడు.