పసుపు నిలిచే అట్ట కోసం కుప్పం దాకా

మదనపల్లె బస్టాండులో ఆరున్నర బస్సు ఎక్కుతుంటేనే కండక్టరు నా సంచి దగ్గర ఆగిపోయాడు.

"ఏందప్పా ఇది, సెరకు రసం మిషనా?"

రెండు రోలర్లు, పక్కన ఒక పిడి. అతని తప్పేమీ లేదు. కాగితం కోసే మిషను అని చెప్పాను.

"మీ ఇంట్లో కత్తెర లేదా?" అంటూ లగేజీ టికెట్టు కొట్టాడు. బస్సు కదలకముందే మొదలైంది నా ఖర్మ.

సంగతి ఇది. మా కోడలు సరళ బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన ఈ మిషను కొని పెళ్ళిపత్రికలు చేయడం మొదలుపెట్టింది. ఉక్కు అంచున్న అచ్చు మీద అట్ట పరిచి పిడి తిప్పితే, మామిడాకుల తోరణం జాలీలాగా తెగి వస్తుంది. మొదటి బేరం టమాటా మండీవాళ్ళ ఇంటి పెళ్ళి. నిగనిగలాడే అట్ట మీద నమూనా ఇచ్చింది. పెళ్ళికూతురి అవ్వ దానికి నాలుగు మూలలా పసుపు పెట్టింది. సాయంత్రానికి పసుపంతా పొరలుగా రాలిపోయింది. "పసుపు నిలవని పత్రిక మా గడప దాటదు. రేపు రాతిరిలోగా ఇంకోటి సూపీండి, లేదంటే మా పాత ప్రెస్సుకే పోతాము" అని తేల్చేసింది.

మా కాలంలో పత్రికలు గులాబీ రంగు గరుకు కాగితం మీద వచ్చేవి. పసుపు పెడితే వెనక వైపు దాకా ఇంకేది. ఇప్పుడు అన్నిటికీ మెరుపు కావాలి. మదనపల్లెలో దొరికే అట్టల్లో పసుపు పట్టేది తెగదు, తెగేది పసుపు పట్టదు. సరళ మిషను అమ్మేస్తానంది. నేను దాన్ని అచ్చుతో సహా సంచిలో వేసుకుని, పసుపు డబ్బా జేబులో పెట్టుకుని బయల్దేరాను.

పుంగనూరులో దుకాణం తెరిచేసరికి తొమ్మిదిన్నర. మొదట చార్టు చూపించారు. చార్టుతో జాలీ కోస్తే ఆకుల కొసలు చుట్టుకుపోతాయి. తర్వాత పూరేకులు కలిపి చేత్తో చేసిన కాగితం తీశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, దాని పీచులు అచ్చులో ఇరుక్కుంటే పిన్నీసుతో పీకేసరికి నా ఓపిక పోయింది. మూడోది వెనక బూడిదరంగున్న డబ్బా అట్ట. కోసిన ప్రతి అంచునా ఆ బూడిదే కనబడి తోరణం వాడిపోయినట్టుంది.

"నీకు అట్ట కావాల్నా, పసుపు కావాల్నా?" అన్నాడు దుకాణదారు.

"రెండూ కావాల."

"అట్లయితే కుప్పం పో. ఆడ మూడు భాషలోళ్ళు వస్తారు, నీ అట్టాంటోళ్ళు గూడా వస్తాంటారు."

పలమనేరులో బస్సు మారాలి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు తిండి ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. అక్కడ నాకు దొరికిన ఇడ్లీ చల్లగా, సాంబారు నీళ్ళగా ఉన్నాయి. కుప్పం బస్సు ఎప్పుడొస్తుందో అడిగితే, వచ్చినప్పుడు అన్నారు.

కుప్పం స్టేషను దగ్గర పత్రికల దుకాణం జయమ్మది. ఆమె కూడా ముందు మెరుపు అట్టే తీసింది. "బెంగుళూరోళ్ళంతా ఇదే తీసకపోతాండారప్పా."

"వాళ్ళు పసుపు పెడతారా?"

ఆమె నవ్వి అడుగు అరలోంచి ఏనుగు దంతం రంగు ఐవరీ అట్ట లాగింది. మెరుపు లేదు. వేలికి నున్నగా, గట్టిగా ఉంది. రెండు వైపులా వంచి చూశాను. సులువుగా మడతపడే గీత వెంబడే కాగితం పీచు ఉంటుంది. ఆకుల సన్నని కాడలు ఆ వరుసలో పడేలా అచ్చు పెట్టి పిడి తిప్పాను. ఒక్క ఆకు చిరగలేదు. మూలలకు పసుపు తడిపి పెట్టాను, పట్టింది. ఇంతలో ఆమె నేను కొన్న అట్టలను చాపలాగా చుట్టేయబోయింది. చుట్టిన అట్ట మళ్ళీ మిషనులో చదునుగా పడుకోదని మొత్తుకుని, రెండు పలకల మధ్య కట్టించుకున్నాను.

తిరుగు బస్సులో, పలమనేరు దాటాక, పక్క సీటు ముసలామె నా చేతిలో నమూనా చూసింది. పసుపు ఆరింది. "గోటితో గీకి సూడమ్మా" అని అందించాను. గీకింది. రాలలేదు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

"అమ్మా, అది నమూనా. ఇట్లియ్యి."

"పసుపు పెట్టి సేతికిచ్చినాక మళ్ళా అడగతారా ఎవురన్నా? ఆ ఇంటికి మంచిదా?"

"దాంట్లో ఒక్క అక్షరం లేదు కదమ్మా."

"నాకు సదువు రాదులే. పెండ్లి యాపొద్దో నువ్వే సెప్పు."

బస్సంతా ఆమె వైపే మాట్లాడింది. చేసేది లేక పెళ్ళి తేదీ, మండీవాళ్ళ ఇంటిపేరు చెప్పాను. పుంగనూరులో ఆమె నా నమూనాతో దిగిపోయింది.

వెనక సీట్లో మిషను పెట్టి ఇంకోటి కోయాల్సి వచ్చింది. నేను అట్ట కదలకుండా పట్టుకుంటే పిడి తిప్పింది కండక్టరు. పొద్దుటి మనిషి కాదు. ఇతనూ చెరకు రసమా అనే అడిగాడు. పసుపు పెట్టి ఊదుతూ కూర్చున్నాను. మదనపల్లె దీపాలు కనబడేసరికి రెండు మూలలే ఆరాయి.

మిగతావి ఆరేదాకా ఆగమని అవ్వకు చెప్పాలి. అక్షరం లేని నమూనానే పత్రిక అనుకుని పుంగనూరులో ఒకామె పెళ్ళికి సిద్ధమవుతోందని, భోజనాల్లో ఒక విస్తరి ఎక్కువ వేయాలని కూడా చెప్పాలి. అది విన్నాక కూడా పాత ప్రెస్సుకే పోతానంటే, ఆ నమూనా పట్టుకుని వచ్చే ఆమెకు అది తమ పత్రిక కాదని అవ్వే చెప్పుకోవాలి.