ఎర్గీనా పెట్టిన మూడు రాళ్ళు

పడవల రేవు నుంచి మా ప్రీనోస్ ఊరి కాఫీ కొట్టు దాకా, కాలు నేలకి ఆనించకుండా సైకిల్ మీద ఎక్కి వచ్చిన మొట్టమొదటి మనిషి మా మేనకోడలు ఎర్గీనా. మగవాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ ఆవిడే మొదలు. అది తారు రోడ్డు కాదు. మా తాతలు కంచరగాడిదల కోసం రాళ్ళు పరిచిన పాత దారి. వంకర మీద వంకర తిరుగుతూ కొండ అంచునే పైకి వస్తుంది. పక్కన చూస్తే సముద్రం, కింద చూస్తే మనకి కళ్ళు తిరుగుతాయి. ఆ దారిని జయించడానికి ఆవిడకి రెండు వేసవులు పట్టాయి. మోకాళ్ళ మీద చర్మం మిగల్లేదు.

"ఏమ్మాయ్, సైకిల్ నిన్ను మోస్తోందా, నువ్వు సైకిల్‌ని మోస్తున్నావా?" అని కాఫీ కొట్టు దగ్గర రోజూ అడిగేవాళ్ళు.

"ఇవాళ్టికి సగం సగం" అనేది.

ఎక్కి వచ్చిన రోజున మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కొట్టు యజమాని తనంతట తానే ఒక గ్లాసు రాకీ, అదే మా ద్రాక్ష సారా, పోసి ముందు పెట్టాడు. మా ఊళ్ళో ఆడపిల్లకి అలా పోయడం అదే మొదలు. అదీ రాసుకోండి.

ఎర్గీనా తండ్రి, అంటే మా బావ, ఆ దారిలోనే గాడిదల మీద చీజ్ కిందికి దింపి, పిండి పైకి తెచ్చి బతికాడు. కార్ల రోడ్డు పడ్డాక గాడిదల్ని అమ్మేసి, అరుగు మీద కూర్చుని సముద్రం చూస్తూ పోయాడు. పిల్ల రేవులో రొట్టెల కొట్లో పనికి చేరింది. ఒక హాలండ్ దేశస్థుడు మా లోయలో పడి భుజం విరగ్గొట్టుకుంటే, వీపు మీద వేసుకుని రోడ్డు దాకా తెచ్చింది ఎర్గీనాయే. ఆయన ఇంటికి విమానం ఎక్కుతూ తన గ్రావెల్ సైకిల్ ఆవిడకే వదిలేసి వెళ్ళాడు. చూడ్డానికి రేసు సైకిల్‌లా ఉంటుంది, చక్రాలు మాత్రం లావు, కంకర మీద పోవడానికి చేసినది.

ఆ ఒక్క సైకిల్‌తో ఆవిడ చేసిన పని చిన్నది కాదు. తండ్రి గాడిదల దారి, పైన గొర్రెల మందల గుడిసెలకి వెళ్ళే ట్రక్కుల బాట, మంటలు ఆపడానికి అడవిలో కొట్టిన మట్టి దారి, కింద ఒడ్డు వెంట వెళ్ళే గులకరాళ్ళ బాట, ఎప్పుడూ ఒకదానికొకటి పరిచయం లేని ఈ దారుల్ని కలిపి ఒక చుట్టు చేసింది. ఫోన్లలో చూసుకునే మ్యాపుల్లో పెట్టింది. పెట్టిన రెండో ఏటికి ఫ్రాన్స్ నుంచి, పోలండ్ నుంచి మనుషులు వచ్చారు. మూసిన కాఫీ కొట్టు వంటిల్లు మళ్ళీ తెరుచుకుంది. గొర్రెల కంచె గేటు దాటితే వెనక్కి తిరిగి వేయాలని ప్రతి పరదేశికీ చేతిమీద కొట్టినట్టు నేర్పింది. ఆవిడ దారిలో వచ్చినవాళ్ళ వల్ల ఒక్క గొర్రె బయటికి పోలేదు. ఇది మా ప్రాంతంలో ఇంకెవరూ చెప్పుకోలేని మాట.

చిక్కు వచ్చింది దారి గుర్తుల దగ్గర. మా వైపు ఇనుప బోర్డు పెడితే వారం ఉండదు. బోర్డు కనబడితే మావాళ్ళ తుపాకీ చెయ్యి ఊరుకోదు, జల్లెడ చేస్తారు. బండల మీద రంగు పూయడానికి అడవి ఆఫీసు ఒప్పుకోదు. అందుకని ఎర్గీనా దారి చీలిన చోటల్లా మూడు రాళ్ళు, పిడికిలంత రాళ్ళు, ఒకదాని మీద ఒకటి పెట్టింది. కాపరుల ఊళ్ళో పుట్టిన పిల్ల, తెలియక కాదు. మేత భూముల హద్దుకి మేం పెట్టేది మోకాలెత్తు రాళ్ళ కుప్ప. మూడు చిన్న రాళ్ళని హద్దని ఎవరూ అనుకోరు.

కానీ సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళకి ఒక అలవాటుంది. రాళ్ళ మీద రాళ్ళు కనిపిస్తే తామూ ఒకటి పెట్టకుండా పోలేరు. శరదృతువులో మూడు ఏడయ్యాయి. "తలా ఒకటి పెట్టి పోతున్నారు మావయ్యా, ముద్దుగా ఉంది" అని నవ్వింది. ఏటా వసంతంలో అందరికంటే ముందు దారి చూసి వచ్చేది ఆవిడే. ఈ ఏడు మణికట్టు విరిగి వెళ్ళలేకపోయింది. మే నెలకి అవి మోకాలు దాటాయి.

ఆ కుప్పలు లేచింది వార్దిస్ అనే కాపరి మేతలో. వార్దిస్ కుటుంబం అక్టోబర్ చివర మందతో పల్లానికి దిగితే మళ్ళీ మే సగంలోనే పైకి వస్తుంది. పక్క మేత ఎర్గీనా అన్న మనూసోస్‌ది, అతని మంద ముందే పైకి చేరింది. కుప్పలు చూశాడు. వాటి దాకా మేపాడు.

"వార్దిసే హద్దు జరుపుకుని వదిలేశాడనుకున్నా" అంటాడు మనూసోస్. ఊళ్ళో ఆ మాట నమ్మినవాళ్ళు తక్కువ. నేను మేనమామని, నా సంగతి అడక్కండి.

వార్దిస్ వచ్చేసరికి గడ్డి లేదు. చెల్లెలు కుప్పలు పెట్టింది, అన్న మేపాడు, ఇంకేం కావాలి? వార్దిస్ కొడుకు స్త్రాతిస్ కుప్పలన్నీ తన్ని పడగొట్టి, పోలీసులకి చూపించడానికి ఒక్కటి మాత్రం తమ గుడిసె ఎదురుగా ఉంచాడు. మర్నాడు మనూసోస్ నీళ్ళ తొట్టి నిండా రాళ్ళున్నాయి. ఆ మర్నాడు తుపాకీ పేలింది. వార్దిస్ కుక్క చచ్చిపోయింది. తరవాతి వంతు కుక్కది కాదని అందరికీ తెలుసు.

ఇలాంటప్పుడు గొడవకి కారణమైన మనిషి కంటికి కనబడకుండా దూరం పోవాలి, రాజీ కుదిరేదాకా ఊరి గడప తొక్కకూడదు. పోవాల్సింది మనూసోస్. కానీ పాలు పితకాల్సిన మందని వదిలి ఎక్కడికి పోతాడు?

"రాళ్ళు మొదలుపెట్టింది నేను, నేనే పోతాను" అంది ఎర్గీనా. దారిని ఫోన్లలోంచి తీసేసింది. కట్టు కట్టిన చేత్తోనే బస్సెక్కి, ద్వీపం పడమటి కొసన ఒక రొట్టెల కొట్లో చేరింది.

సెప్టెంబర్‌లో నేనూ మా గుడి ఫాదర్ మథ్యోస్ వార్దిస్ గుడిసెకి రాజీకి వెళ్ళాం. అతని భార్య కల్యోపి బార్లీ రొట్టె, కొత్త చీజ్ తెచ్చి పెట్టింది. మేం ముట్టుకోలేదు. మాట తేలేదాకా ముట్టుకోకూడదు.

"అయితే మీ పిల్ల రాళ్ళు పిల్లల్ని పెట్టాయంటావు" అన్నాడు వార్దిస్.

"సైకిల్‌వాళ్ళు తలా ఒకటి వేశారు."

"వాళ్ళకి గొర్రెలున్నాయా?"

"లేవు."

"మరి హద్దెందుకు?"

"అది హద్దని వాళ్ళకి తెలీదు వార్దిస్."

"పని లేకుండా రాయి మీద రాయి పెట్టే మనిషిని నేను ఈ కొండ మీద చూళ్ళేదు. మా గాడిద కూడా పెట్టదు."

"గాడిదకి చేతుల్లేవుగా" అంది కల్యోపి లోపల్నుంచి.

అంతలో బాట మీద రెండు సైకిళ్ళు వచ్చాయి. దారి తీసేసిన సంగతి తెలియని వాళ్ళు, ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. గుడిసె ఎదురుగా మిగిలిన కుప్ప దగ్గర ఆగారు. ఆవిడ చుట్టూ వెతికి ఒక చదునైన రాయి ఏరింది, లాగుకి తుడిచింది, ఊపిరి బిగబట్టి కుప్ప మీద నిలబెట్టింది. అతను ఫోటో తీశాడు. మాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు.



"నీ మేత కొనేసింది చూడు, ఫోటో కూడా తీయించుకుంది" అంది కల్యోపి.

వార్దిస్ లేచి వెళ్ళి ఆ రాయి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది మతి ఉన్న పనేనా ఫాదర్?"

"పాపమైతే కాదు" అన్నారు ఫాదర్.

"ఈ రాయి మీ పిల్ల పెట్టలేదు సరే. రాళ్ళు పెట్టేవాళ్ళని తెచ్చింది ఎవరు?"

 కల్యోపి చంకలో మనవరాలితో, స్త్రాతిస్ కూతురితో, వచ్చి నిలబడింది. "ఎనిమిది నెలల బిడ్డ. ఇంకా పేరు లేక పాపా అనే పిలుస్తున్నాం. మనం పల్లానికి దిగితే మళ్ళీ మే దాకా ఇదే గొడవ. అప్పటికి నాకు కొడుకు ఉంటాడో లేడో. జ్ఞానతల్లి ఎవరో ఇప్పుడే తేల్చు" అంది.

మా వైపు బాప్తిస్మంలో బిడ్డని ఎత్తుకున్న మనిషి ఆ ఇంటికి చుట్టం. ఆ చుట్టరికం మీదికి తుపాకీ లేవదు. వార్దిస్ బిడ్డ మొహం చూశాడు, తరవాత పళ్ళెం వైపు చూశాడు.

"పాత హద్దు కుప్పలు మనూసోస్ తన చేత్తో సరిచెయ్యాలి. నేను నిలబడి చూస్తాను. సైకిళ్ళ దారి నా మేత కిందుగా పోవాలి, రాయి అన్నది కనబడకూడదు. బాప్తిస్మంలో పాపని ఎత్తుకునేది మీ ఎర్గీనా." పళ్ళెం మా వైపు జరిపి, "తినండి" అన్నాడు.

తిన్నాం. స్త్రాతిస్ దొడ్డి వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. కింద ఉమ్మి పాలు పితకడానికి వెళ్ళాడు.

"ఆ వార్దిస్ చూస్తుంటే నేను రాళ్ళు మోయాలా?" అన్నాడు మనూసోస్.

"నీ చెల్లెలు ఊరుగాని ఊళ్ళో పిండి పిసుకుతుంటే నీకిక్కడ పౌరుషమొచ్చిందా?" అన్నాను. మోశాడు. మాట్లాడకుండా మోశాడు. ఆ మౌనం నాకు నచ్చలేదు.

నిన్న ఎర్గీనా ఫోన్ చేసింది.

"బాప్తిస్మానికి స్త్రాతిస్ గుడికి వస్తానన్నాడా మావయ్యా?"

"రాననలేదు."

"అంటే వస్తానని కాదుగా."

"కాదమ్మా."

ఫోన్ పక్కన పెట్టి ఎవరికో రొట్టె ఇచ్చి వచ్చింది. "గౌను, శిలువ నేనే తేవాలి. పాప కొలత కనుక్కుని చెప్పు" అంది.

కల్యోపిని అడిగి చెప్పాను. ఫాదర్ గుళ్ళో బాప్తిస్మం తొట్టి తోమిస్తున్నారు. ఎర్గీనా ఊరికి వచ్చేది అక్టోబర్ ఇరవయ్యారు, ఆదివారం, దిమిత్రి పునీతుడి పండుగ రోజున.