అల్లుడుగారికి అన్ని పర్మిషన్లూ

గవర్నరుపేటలోని ఆ బ్లడ్‌బ్యాంకులో డేటాబేస్ చూసుకునే జుబియా మూడేళ్లుగా ఒకే మాట మొత్తుకుంటోంది: ఎవరి పనికి ఎంత కావాలో అంతే అధికారం ఇవ్వాలని. దాతలకు ఫోన్లు చేసేవాళ్లకు పేర్లు చూసే వీలు, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లకు కొత్త పేరు చేర్చే వీలు. చెరిపే వీలు మాత్రం అందరికీ ఉండకూడదు. పదేళ్ల పిల్లకైనా తలకెక్కే సంగతి. యజమాని బసవపున్నయ్యగారి తలకే ఎక్కలేదు. ఆయన దృష్టిలో పర్మిషనంటే మర్యాద.

కంకిపాడు అల్లుడు నాని మేనేజరుగా దిగిన రోజున జుబియా అతనికి చూసే వీలొక్కటే ఇచ్చింది. విస్తరి ముందు కూర్చున్న అల్లుడికి నెయ్యి వడ్డించకుండా దాటిపోయినంత పనైంది మామగారికి.

"మా అల్లుడుగారికి అన్నీ ఇచ్చెయ్యమ్మా, నాకున్నవన్నీ. ఆయనేమన్నా బయటోడా?"

ఇచ్చింది, ఏం చేస్తుంది! ఆ మహానుభావుడు సోమవారం పొద్దున్నే, చనిపోయిన ఒక దాత పేరు తీసెయ్యబోయి, ఎవరి పేరో చెప్పకుండానే తీసెయ్యమని కంప్యూటర్‌కు హుకుం జారీ చేశాడు. అదీ చెప్పినట్టే విని, పధ్నాలుగు వేల పేర్లూ తీసేసింది. ముందురోజు కాపీ నుంచి జుబియా మధ్యాహ్నానికి వాటిని తిరిగి తెచ్చింది. ఈలోగా మైలవరం బాలింతకు ఓ నెగటివ్ రక్తం కోసం వచ్చినవాళ్లు మూడు గంటలు పడిగాపులు పడ్డారు. అదృష్టం బాగుండి ఆమె బతికింది. ఎవరు చెరిపారో రాసివ్వమని ఆమె ఉన్న ఆస్పత్రి నిలదీసింది.

బసవపున్నయ్యగారు జుబియాను గదిలోకి పిలిచారు. "ఎవరేం చేసిందీ లాగ్‌లో ఉంటదంటగా. మా వాడి పేరు తీసేసి నీ పేరు పెట్టమ్మా. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

కోపం కాదు, అసహ్యం వేసింది జుబియాకు. మూడేళ్ల చాకిరీకి ఈయన ఇచ్చే విలువ ఇదా!

"లాగ్ చూడగలను గానీ, మార్చే అధికారం నాకు లేదండీ."

"నీకు లేకపోవడమేంటి? అందరికీ ఇచ్చేదానివే నువ్వు!"

"చేరిన వారంలోనే నాకు నేనే తీసేసుకున్నానండీ. ఆ లాగ్ నేరుగా బయటి ఆడిటర్ దగ్గరికి పోతుంది. రేపు నేనే తప్పు చేసినా దాచుకోలేను."

ఆయన నోరు తెరిచి చూశారు. "చేతిలో ఉన్న అధికారం ఎవరన్నా వదులుకుంటారా? పిచ్చా నీకు?"

వెటకారం కాదు, పాపం, నిజంగానే అర్థంకాక అడిగారు. ఇలాంటి మనిషికా ఇన్నాళ్లూ పాఠాలు చెప్పిందని తనమీద తనకే జాలేసింది జుబియాకు.

సీటు దగ్గరికొచ్చి, నాని పేరూ సమయమూ ఉన్న నివేదికను ఆస్పత్రికి పంపింది. తనకు మిగిలిన పర్మిషన్లన్నీ తనే రద్దు చేసుకుని, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఇప్పుడక్కడ అన్ని పర్మిషన్లూ ఉన్నవాళ్లు మామా అల్లుళ్లిద్దరే.