గేదె మీద ఆటవెలది

మొన్న కొత్త కుక్కర్ కొన్నాం. అది ఇంటికొచ్చిన కాసేపటికే, ఎలా ఉందో నాలుగు మాటలు రాయమని అమ్మినవాళ్ల నుంచి కోడలి ఫోన్‌కు కబురొచ్చింది. అందులో ఇంకా పప్పయినా ఉడకలేదు, కోడలేమో చకచకా పొగిడేసి పంపించింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ముత్తుకూరు దగ్గర నేను మొదట ఉద్యోగం చేసిన బడి గుర్తొచ్చింది.

అరవైల మొదట్లో మాట. అప్పటి వాచకాల్లో పద్యాలన్నీ రాజులనో దేవుళ్లనో పొగిడేవే, పిల్లలు అర్థం తెలియకుండానే గడగడా అప్పజెప్పేవారు. నాకా పద్యాల పిచ్చి, పైగా చిన్నతనం. చూసి చూసి, ముందు చదివిన ప్రతి పద్యానికీ అర్థం చెప్పించి, ఆ తర్వాత ఆటవెలది నడకను వేళ్ల మీద లెక్కపెట్టడం నేర్పి, మీ ఇంట్లో రోజూ చూసేవాటిని పొగడండర్రా అన్నాను. ఇక చేట, రోలు, ఉట్టి, తాత పొడుండబ్బీ, ఏదీ వాళ్ల పద్యాన్ని తప్పించుకోలేదు.

అందరిలోకీ చురుకైన ఒక పిల్ల వాళ్ల గేదె మీద రాసింది. తండ్రి ఉప్పుమడుల్లో కూలి, ఇల్లు గడిచేది ఆ గేదె పాలతోనే. సాయంత్రం పాలు పితికే వేళ గేదె ముందు నిలబడి రాగం తీసి మరీ చదివిందట. మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ, బుగ్గన దిష్టిచుక్క పెట్టిన చంటిదాన్ని చంకనేసుకుని బడికి వచ్చేసింది.

"మా బర్రెకి దిష్టి తగిలినాది పంతులమ్మా. పద్దెం చదివినాక చుక్క పాలు చేపితే ఒట్టు. ఇంక బిడ్డని బడికి పంపేది లేదు."

పాడిని నోరారా పొగడకూడదన్న పట్టింపు, నెల్లూరు టౌనులో పెరిగిన నాకు కొత్త. ఎంత బతిమాలినా ఆమె వినలేదు, కూతురి చెయ్యి పట్టి లాగింది. ఆ పిల్ల వెక్కుతూనే చెల్లెలి బుగ్గ మీది దిష్టిచుక్క వంక చూసి, తన పద్యానికి ఆఖరి పాదం మార్చి చదివింది: "తోక మాత్ర మెంత దుడుకొ గాని!"

అంత ఏడుపులోనూ యతి తప్పలేదు తల్లి! రోజూ ఆ తోకదెబ్బలు తినే వాళ్లమ్మ పక్కున నవ్వేసింది. ఆ ముక్క ముందే అనుంటే పోయేది కదే, ఇంటికొచ్చి దాని ముందు మళ్లీ చదువు, అంటూ చెయ్యి వదిలింది. రెండు పూటలకు గేదె పాలు చేపింది. ఎందుకో గేదెకే తెలియాలి. పిల్ల మాత్రం బడి మానలేదు. అప్పటినుంచి మా పిల్లలు దేన్ని పొగిడినా ఆఖరున ఒక వంక పెట్టకుండా వదిలేవారు కాదు.

ఇప్పుడు పొగడ్తకు కొదవ లేదు, దిష్టి భయమూ లేదు. మంచిదే. కానీ పైకి పొగిడితే ఎక్కడ పోతుందోనని గుండె గుభేలుమనేంతగా ఇంట్లో ఏ వస్తువును ప్రేమించామో చెప్పమంటే, నాకే ఒక్కటీ తోచడం లేదు.