బావ చెప్పిన మాట, నేను వదిలిన టార్పెడో

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు తెలిసిన సముద్రమంతా లంజిపల్లిలో మా బావ గదిలో, పాత కంప్యూటర్ తెర మీదే ఉండేది. (అసలు సముద్రం గోపాల్‌పూర్‌లో ఉంది, బస్సెక్కితే వచ్చేస్తుంది. మాకు తీరికేదీ?) మేనత్త కొడుకైన బావ జలాంతర్గామి ఆటలో కెప్టెన్. నేను టార్పెడోల అధికారిని, అంటే అతను చెప్పినప్పుడు ఎంటర్ నొక్కేవాణ్ణి. ఆ పదవికి నేను పడ్డ గర్వం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. పడవ మునిగితే ఆట మళ్ళీ మొదటికొస్తుంది. వేసవంతా ఆడినా మా పడవ ఒక్కసారి కూడా తిరిగి రేవు చేరలేదు.

ఆ మధ్యాహ్నం బావ సంచీ సర్దేసి గుమ్మం దగ్గర పెట్టాడు. సాయంత్రం బస్సుకి అస్కా వెళ్ళి, ఇక వాళ్ళ పెదనాన్న బట్టల కొట్లో కూర్చోవాలి. "ఎల్లేలోపల ఒక్కపాలైనా దీన్ని రేవుకి సేర్సాలిరా" అన్నాడు. ఇద్దరం తెరకి అతుక్కుపోయాం. ఆటలో తుఫాను. పెరిస్కోపు ఎత్తితే అల కప్పేస్తోంది, దించితే ఏమీ కనబడదు. అల జారిన ఆ కాస్త సందులో పెద్ద సరుకు ఓడ, దాని పక్కనే కాపలా ఓడ. ఎంటర్ మీద నా వేలు చెమటకి జారుతోంది. టీ తెచ్చిన అత్త మా మొహాలు చూసి, గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ అల. మళ్ళీ ఓడ. బావ ఊపిరి బిగబట్టి చూసి చూసి, చివరికి మెల్లగా అన్నాడు: "ఒగ్గెయ్."

నొక్కేశాను.

ఇక్కడ మీరు కాస్త నా పక్షాన ఆలోచించాలి. మా వైపు వదలమనడానికీ ఒగ్గెయ్యే, మానుకోమనడానికీ ఒగ్గెయ్యే. వేసవంతా ఆ మాట వినపడగానే నొక్కినవాణ్ణి ఆ ఒక్కసారి వ్యాకరణం ఆలోచించమంటే ఎలా? టార్పెడో అలల మీద ఎగిరెగిరి పడుతూ ఎటో పోయింది. కాపలా ఓడ మావైపు తిరిగింది. గబగబా లోతుకి దిగాం. దాని మర చప్పుడు మా నెత్తి మీదికొచ్చి ఆగినట్టే ఆగి, బాంబులు కురిశాయి. తెర నిండా నీళ్ళు, తర్వాత చీకటి.

"ఏటిరా ఇది? ఓడ జోలికి ఎల్లొద్దు, ఇంటికి పోదారన్నాను" అన్నాడు బావ, ఏడవాలో నవ్వాలో తెలియని గొంతుతో. నేను తల దించుకున్నాను. బస్సుకి వేళవుతోందని అత్త గుర్తు చేసింది. బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "రేపెల్తాన్లే అమ్మా."

మర్నాడూ మునిగాం. అతను వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా ఇంట్లో మంచి కంప్యూటర్ ఉంది. కెప్టెన్నీ నేనే, ఎంటర్ నొక్కేదీ నేనే. మొన్న పెద్ద తుఫానులోంచి పడవని క్షేమంగా రేవు చేర్చాను. సంబరంగా పక్కకి తిరిగాను, చెబుదామని. ఇంత వయసొచ్చి ఖాళీ కుర్చీకి చెప్పబోయినందుకు నాకే నవ్వొచ్చి, బావకి ఫోన్ చేశాను. కొట్లో బేరం మధ్యలో ఉన్నాడు. అంతా విని, "నాను లేకండానా?" అన్నాడు.